వరద తగ్గాకే అసలు పరీక్ష
రెండో వారం నుంచే జ్వరాల ముప్పు
నీరు తీయగానే వైద్య శిబిరాలు ఎత్తివేస్తే ప్రమాదమే

విజయవాడ: వరద వచ్చినప్పుడు అందరి దృష్టీ పడవలపైనా, ఆహార పొట్లాలపైనా ఉంటుంది. నీరు తీసి రాకపోకలు మొదలవగానే విపత్తు ముగిసిందన్న భావన అధికారుల్లోనూ, ప్రజల్లోనూ కలుగుతుంది. ప్రజారోగ్యానికి మాత్రం గడ్డుకాలం అప్పుడే మొదలవుతుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్‌, పాయకాపురం తదితర ప్రాంతాలు నీట మునిగాయి. మురుగు కలిసిన నీరు రోజుల తరబడి ఇళ్లలో నిలిచింది. ముంపు తగ్గాక అగ్నిమాపక శకటాలతో ఇళ్లు, వీధులు కడిగించారు. అది అవసరమైన పనే. అయితే బురద పోయినంత మాత్రాన రోగకారక క్రిములు పోయినట్లు కాదు.

వ్యాధులకూ ఓ గడువు

వాంతులు, విరేచనాలు తొలి రోజుల్లోనే బయటపడతాయి. మిగతా వ్యాధులు అలా కాదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల సోకే లెప్టోస్పైరోసిస్‌ లక్షణాలు సాధారణంగా 5 నుంచి 14 రోజులకు కనిపిస్తాయి. టైఫాయిడ్‌కు 1 నుంచి 3 వారాలు పడుతుంది. నిల్వ నీటిలో పెట్టిన గుడ్డు డెంగీ దోమగా ఎదగడానికే వారం, పది రోజులు కావాలి. కలుషిత నీటితో వచ్చే కామెర్లు నెల దాటాక కూడా బయటపడవచ్చు. తొలి వారంతోనే శిబిరాలు ముగిస్తే ఈ రోగులెవరూ లెక్కలోకి రారు.

కేరళలో 2018 ఆగస్టు వరదల అనంతరం నీటిలో తిరిగిన వారికి, సహాయక సిబ్బందికి డాక్సీసైక్లిన్‌ మాత్రలు పంచారు. అయినా తర్వాతి వారాల్లో ఎలుక జ్వరం కేసులు, మరణాలు నమోదయ్యాయి. మాత్రలు పంచడంతో బాధ్యత తీరదని, నిఘా కొనసాగాలని ఆ అనుభవం చెబుతోంది.

బ్లీచింగ్‌ చల్లితే చాలదు

వీధి పొడవునా బ్లీచింగ్‌ పౌడరు చల్లడం కంటికి కనిపించే చర్య. ప్రాణాలు కాపాడేది మాత్రం తాగునీటిలో కలిపే క్లోరినే. స్వచ్ఛమైన నీరైతే 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల నాణ్యమైన బ్లీచింగ్‌ పౌడరు కలిపి, కనీసం గంట ఆగాలి. మురికి ఎక్కువైతే మోతాదు పెంచాలి. విపత్తు వేళ కుళాయి వద్ద లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్‌ మిగిలి ఉండాలి. మూత తీసి ఉంచిన పౌడరు సత్తువ కోల్పోతుంది. అందుచేత ట్యాంకు వద్దే కాక చివరి ఇంటి కుళాయి వద్దా రోజూ పరీక్షించాలి.

ఇవి తప్పనిసరి

* గర్భిణులు, డయాలసిస్‌ రోగులు, ఇన్సులిన్‌ వాడేవారి జాబితాను వానాకాలానికి ముందే ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు సిద్ధం చేయాలి.
* ముంపు ప్రాంతాల్లో కనీసం ఆరు వారాలు ఇంటింటి జ్వరాల సర్వే సాగాలి.
* బురదలో దిగే పారిశుద్ధ్య కార్మికులకు ముందుగా బూట్లు, చేతి తొడుగులు అందించాలి. నివారణ మాత్రలు వైద్యుల సలహాతో ఇవ్వాలి.

నష్టపరిహారం జాబితాపై చూపే శ్రద్ధలో సగమైనా జ్వరాల జాబితాపై చూపితే, వరద నుంచి బయటపడిన వారు రోగాల బారిన పడి ప్రాణాలు కోల్పోయే దుస్థితి తప్పుతుంది.