వంటింటి కబుర్లు: చీనా వంకాయ

బర్మా సర్కారు 1964లో ప్రైవేటు దుకాణాలను స్వాధీనం చేసుకోగా, రంగూను విడిచి మన వ్యాసర్పాడికి చేరిన కుటుంబాలలో మా తాతగారిది ఒకటి. అప్పటికి మా అమ్మకు పదేళ్లు. అక్కడి చీనావాళ్ల వంకాయ వేపుడును ఆమె నేటికీ తలుచుకుంటుంది. ఈమధ్య అన్నం సయించక పళ్లెం తోసేస్తూంటే, మొన్న ఆదివారం నేనే పొయ్యి దగ్గర నిలబడ్డాను.

అరకిలో పొడుగు వంకాయలు వేలెడేసి ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, పావుగంటకు నీరు పిండి, తుడిచి, కాగిన నూనెలో పెద్దమంటమీద వేయించాలి. సన్నసెగ పెడితే నూనె తాగి ముద్దవుతాయి; నా మొదటి వాయి గతి అంతే! ముక్కలు తీసి, మిగిలిన కాస్త నూనెలో అల్లం, వెల్లుల్లి, నానబెట్టి నూరిన ఆరు ఎండుమిరపకాయలు వేగనిచ్చి, రెండు చెంచాల సోయా సాసు, చెంచాడు వెనిగరు, అరచెంచా పంచదార వేయాలి. ("కూరలో పంచదారేమిటండీ?" అని మా ఆవిడ.) సాసులోనే ఉప్పుంది గనుక మళ్లీ వేయకండి. ముక్కలు వేసి రెండు తిప్పులు తిప్పి దించడమే. చీనాలో సెచువాన్ వారు మిరపతో పులియబెట్టిన చిక్కుడుగింజల ముద్ద వాడతారు. వారి కూర పేరుకు చేపవాసన వంకాయ అని అర్థం. అందులో చేప మాత్రం ఉండదు.

అమ్మ నోట పెట్టుకుని, "కారం చాలలేదురా, రంగూనుది ఇంకా ఘాటు" అంది. అంటూనే మారు వడ్డించుకుంది.