తేలని కేసు

రెండు భాషలు వచ్చిన మన చదువరికి డిటెక్టివు నవలల కరువు యెన్నడూ లేదు. మరాఠీలో బాబూరావు అర్నాళకర్ గారి కాళా పహాడ్ ఉన్నాడు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు ఉన్నారు. మొదట శవం, ఆఖరున హంతకుడు. పుస్తకం మూస్తే ఫైలుకు దారం కట్టి బీరువాలో పెట్టినంత హాయి.

ఈ నెల చెప్పబోయేది దారం కట్టడానికి వీల్లేని ఫైలు. బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’. 1946–47లో ‘నవోదయ’ పత్రికలో వరుసగా వచ్చి, 1952లో పుస్తకమైంది. పండితులు దీనిని మనస్తత్వ నవల అంటారు. అననివ్వండి. నేరారోపణ ఉంది, సాక్షులున్నారు (ఊరంతా సాక్షులే), పరిశోధకుడూ ఉన్నాడు. వచ్చిన చిక్కల్లా ఆ పరిశోధకుడు ముద్దాయి కన్నకొడుకు కావడం.

దయానిధి డాక్టరు. అతని తల్లి నడత మంచిది కాదని లోకం అన్నది. ఆవిడ చేసిన తప్పేమిటి? రచయిత తేల్చి చెప్పడు. చదువరి పేజీలు తిప్పుతూ, ఇప్పుడు బయటపడుతుంది, అప్పుడు బయటపడుతుంది అని చూస్తాడు. అలా చూస్తున్నంతసేపూ మనమూ ఆ ఊరి అరుగు మీద కూర్చున్నవాళ్లమే. ఇంత గడుసుగా చదువరిని పట్టుకున్న డిటెక్టివు నవల నేను చూడలేదు.

కుంఠా నాకా వాళ్లకు దీన్ని వేరే విప్పి చెప్పాలా? పక్కింటి మగ్గం చప్పుడు మన గోడకు వినబడుతుంది, మాటా అంతే. సంబంధం చూడబోయినవాళ్లు పిల్ల యెలాంటిదని ఒకసారి అడిగితే, తల్లి యెలాంటిదని మూడుసార్లు అడుగుతారు. తాతల నాడు తెలంగాణా ఊళ్లనుంచి బట్టల మూటతో వచ్చిన కుటుంబాల వెంట ఊరి మాట కూడా వచ్చింది. మూట యెప్పుడో విప్పేశారు, మాట ఇంకా ఉంది.

దయానిధి కూడా ఊరు మారాడు. అనంతపురం జిల్లా వజ్రకరూరు చేరాడు. వానలు పడ్డాక జనం పొలాల్లో వజ్రాలు వెతికే ఊరది. బుచ్చిబాబు గారు అనంతపురంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినవారు, ఆ సీమ ఆయనకు కొత్త కాదు. అక్కడ దయానిధికి వజ్రమే దొరుకుతుంది, డబ్బు వస్తుంది. ఆ డబ్బుతో కొనగలిగినవేవీ అతనికి కావలసినవి కావు. గుడీ గురువూ లేని తీర్థయాత్ర ఇది. అమ్మ తప్పు చేసిందా అని బయలుదేరినవాడు, ఆ సంగతి తేలితేగాని తల్లిని ప్రేమించకూడదా అనే చోటికి వస్తాడు. నా మటుకు ఆధ్యాత్మికమంటే అదే.

లోటు లేదని కాదు. నడక బహు నెమ్మది. అమృతం, కోమలి, ఇందిర ముగ్గురూ అతని మనసులోంచే కనబడతారు. భార్య ఇందిరకు తన మొర చెప్పుకునే చోటు చాలలేదని నాకు తోస్తుంది. మరాఠీ బడికి పోయిన పిల్లలకు తెలుగు కూడబలుక్కోవలసి వస్తే, రాత్రికి పది పేజీల చొప్పున పెద్దవాళ్లెవరైనా పైకి చదవండి. అత్తాకోడళ్లిద్దరూ వింటే మరీ మంచిది. ఆ తల్లి సంగతిమీద తగవు రాక మానదు.

ఇందిర పక్షాన వాదించే ఆడపడుచులెవరైనా ఉంటే ఒక పేజీ రాసి పంపండి. వచ్చే నెల ఈ చోటు వారిదే.