కొత్త దంపతులకు విశాఖలో బస

షవ్వాల్ మాసం ప్రవేశించగానే మన ఇళ్ళలో నికాహ్‌ల సందడి ఆరంభమవుతుంది. ఈ సంవత్సరాలలో ఆ మాసం మార్చి, ఏప్రిల్ నెలల ప్రాంతంలో వస్తున్నది. వలీమా భోజనాలు ముగిసి, బంధువులు తిరుగుముఖం పట్టిన పిదప కొత్త జంట నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళి రావడం మా చిన్నతనంలో వినని మాట. ఇప్పుడది సామాన్య కుటుంబాలలో సైతం వాడుక అయినది. ఇది పరాయి పోకడ అని పెద్దలు కొందరు కొట్టిపారేస్తారు. హనీమూన్ అనే మాట పరాయిదే గాని, భార్యాభర్తలు కలిసి ప్రయాణించడం పరాయిది కాదు. పది పన్నెండు మంది మసలే ఉమ్మడి ఇంట్లో, ఒక గదికి అడ్డంగా పరదా కట్టిన చోట కాపురానికి వచ్చిన అమ్మాయికి భర్తతో తీరికగా నాలుగు మాటలు మాట్లాడుకునే అవకాశం నెలల తరబడి దొరకదు. ఆ అవకాశం ఇచ్చే ప్రయాణాన్ని మేము తప్పు పట్టము. మేము అడిగేదల్లా ఆ ఖర్చు ఎంత, అది ఎవరి నెత్తిన పడుతున్నది అని.

విజయవాడ నుండి ఒక యువకుడు ఉత్తరం వ్రాశారు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. వలీమా ఖర్చులు పోగా చేతిలో పదిహేను వేల రూపాయలు మిగులుతాయట. స్నేహితులు గోవా వెళ్ళి వచ్చారు. తాను దుల్హన్‌ను కనీసం విశాఖపట్నమైనా తీసుకువెళ్ళాలని కోరిక. సముద్రం కనబడే గది చూడబోతే మూడు రాత్రుల అద్దెకే ఆ సొమ్ము చాలేట్టు లేదు. మామగారు తాము భరిస్తామంటున్నారు. ఫోన్‌లో ఒక యాప్ వాయిదాల మీద అప్పు ఇస్తానంటున్నది. ఈ రెండూ కాకపోతే మహర్‌గా ఇవ్వబోయే సొమ్ములో కొంత వాడుకుని తర్వాత సర్దవచ్చునా అని ఆయన సందేహం.

మూడూ వద్దు. మహర్ అమ్మాయి హక్కు. అది ఆమె చేతికి చేరకముందే దానికి ఖర్చు నిర్ణయించడం న్యాయం కాదు. పెళ్ళిలో ఆమెకు వచ్చిన సలామీ సొమ్ముకూ ఇదే మాట. వాయిదాల అప్పుపై వడ్డీ ఉన్నది. వడ్డీ ఎంత స్వల్పమైనా వడ్డీయే. మూడు రాత్రుల బసకు సంవత్సరం పొడవునా నెలనెలా జీతంలో కోత పడుతుంటే, ఆ కోత ఇంట్లో మొదటి తగాదాకు కారణం కావడం మేము చూశాము. ఇక మామగారి సంగతి. ఆయన మనస్ఫూర్తిగానే అని ఉండవచ్చు. అయితే జోడా పేరుతో అడగడానికి సిగ్గుపడేవారు ఈమధ్య ‘అల్లుడి హనీమూన్’ పేరుతో అదే సొమ్మును అందుకుంటున్నారు. వరకట్నాన్ని నిషేధిస్తూ 1961లోనే చట్టం వచ్చింది. పేరు మార్చినంత మాత్రాన పుచ్చుకున్నది వేరొకటి కాదు. ఆ ఇంట్లో ఇంకా పెళ్ళి కావలసిన చెల్లెలు ఉంటే, అక్కకు ఇచ్చిన మర్యాద రేపు ఆమెకూ ఇవ్వవలసి వస్తుంది. కాబట్టి ఉన్న పదిహేను వేలతోనే ఆలోచిద్దాము. అవి తక్కువేమీ కాదు.

విశాఖకు మేము జల్సాల నిమిత్తం పలుమార్లు వెళ్ళి ఉన్నాము గనుక ఆ నగరం గురించి కొంత చెప్పగలము. విజయవాడ నుండి రైలు దూరం దాదాపు 350 కిలోమీటర్లు. స్లీపరు తరగతిలో ఇద్దరికీ రానుపోను పదిహేను వందలు దాటదు. గది అద్దె రాత్రికి 2500 అనుకుంటే మూడు రాత్రులకు 7500. దానిపై పన్ను ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుండి రోజుకు 7500 రూపాయల లోపు అద్దె ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. అంటే మరో 375 రూపాయలు. యాప్‌లలో పెద్ద అక్షరాలతో కనబడే ధర సాధారణంగా పన్ను కలపని ధర అని గుర్తుంచుకోవాలి. ఇవన్నీ పోగా భోజనాలకు, ఆటోలకు ఐదున్నర వేలకు పైగా మిగులుతుంది. అది కూడా చాలదనిపిస్తే మూడు రాత్రులను రెండు చేయండి గాని గదిని నాసిరకం చేయవద్దు. పరుపుకు వాసన పట్టి, స్నానపు గది గొళ్ళెం సరిగా పడని చోట నాలుగు రోజులు గడపడంకన్నా శుభ్రమైన గదిలో రెండు రోజులు మేలు. కొత్తగా వచ్చిన అమ్మాయి ఇది బాగాలేదని నోరు తెరచి చెప్పదు. సర్దుకుపోతుంది. ఆ సర్దుబాటును సంతోషమని పొరబడే మగవారు ఎందరో.

సముద్రం కనబడే గది గురించి ఒక మాట. విశాఖలో సముద్రం తూర్పున ఉన్నది. సినిమాలలో చూపించే సూర్యాస్తమయం అక్కడ నీటిలో జరగదు, ఊరి వెనుక కొండల వైపు జరుగుతుంది. చీకటి పడిన తర్వాత కిటికీలోంచి కనబడేది నల్లని శూన్యం, దూరాన ఓడల దీపాలు. కిటికీకి నిజంగా విలువ వచ్చేది సూర్యోదయ వేళలోనే. ఫజ్ర్ నమాజుకు ఎలాగూ లేచేవారికి ఆ వేళ ఇసుకలో నడవడానికి దమ్మిడీ ఖర్చు లేదు. ఆ కిటికీ కోసం రాత్రికి వెయ్యి, రెండు వేలు అదనంగా చెల్లించడం మాకు దుబారాగానే తోస్తుంది. బీచ్ రోడ్డుకు వెనుక వీధులలో, సముద్రానికి ఐదు నిమిషాల నడక దూరంలో అద్దెలు తగ్గుతాయి. ‘కొంత సముద్రం కనబడును’ అని వ్రాసిన గదులను అసలే నమ్మవద్దు. బాల్కనీ చివర నిలబడి మెడ వంచితే నీలిరంగు గీత కనబడటాన్ని కూడా వారు అలాగే పిలుస్తారు.

ఇక ఏ ప్రాంతమన్న ప్రశ్న. రైల్వే స్టేషను, ద్వారకా బస్ స్టేషను పరిసరాలలో లాడ్జీలు చవక. అయితే వాటిలో చాలావరకు వ్యాపార పనులపై వచ్చే ఒంటరి మగవారివి, రాత్రంతా రాకపోకలు. కింద బార్ ఉన్న లాడ్జీ ఎంత చవకైనా వద్దే వద్దు. అక్కడి మెట్ల మీద బుర్ఖాతో నడిచే అమ్మాయి ఇబ్బందిని భర్త ముందుగా ఊహించగలగాలి. రుషికొండ అందమైన తీరం, సందేహం లేదు. కాని అది భీమిలి దారిలో, స్టేషనుకు పది కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది. ప్రతి భోజనానికీ హోటలు వంటగదే గతి, లేదా ప్రతిసారీ ఆటో బేరం. చేతిలో డబ్బు కొలతగా ఉన్నవారికి రామకృష్ణా బీచ్ వెనుక వీధులు గాని, జగదాంబ కూడలికీ సముద్రానికీ మధ్య ప్రాంతం గాని అనుకూలమని మా అభిప్రాయం. కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల, దానికి ఎదురుగానే ఉన్న టీయూ-142 విమానం ఆ తీరంలోనే ఉన్నాయి. తాళ్ళ మీద నడిచే బండి ఎక్కి కైలాసగిరికి పోయే దారీ అటే. పాతనగరం కూడా దూరం కాదు. ఓడరేవు దగ్గర మూడు కొండల మీద ఒకదానిపై ఆలయం, ఒకదానిపై చర్చి, ఒకదానిపై దర్గా ఉండటం ఆ ఊరివారు గర్వంగా చూపించే దృశ్యం.

గదిని ఖాయం చేసే ముందు యాప్‌లో ధర చూసి, ఆపై హోటలుకు నేరుగా ఫోన్ చేసి అడగండి. మధ్యవర్తి కమీషను మిగిలితే వారు కొంత తగ్గించడం కద్దు. హోటలువారు పెట్టిన ఫోటోలు కాదు, బస చేసినవారు పెట్టినవి చూడండి. అభిప్రాయాలలో అతి తక్కువ మార్కులు వేసినవి, అందునా గత రెండు మూడు నెలలవి చదవండి. ఒకరు తిట్టారంటే అది కోపం కావచ్చు. నలుగురు ఒకే స్నానపు గదిని తిట్టారంటే అది నిజం. గది ఖాళీ చేసే వేళను తప్పక అడగాలి. కొన్ని లాడ్జీలలో ఇరవై నాలుగు గంటల లెక్క, మరికొన్ని హోటళ్ళలో మధ్యాహ్నం పన్నెండు గంటల లెక్క. తెల్లవారుజామున రైలు దిగేవారికి ఈ తేడా పెద్దది. పన్నెండు గంటల లెక్క ఉన్నచోట ఉదయం ఐదింటికి చేరితే సగం పూట కుర్చీలో కూర్చోవాలి, లేదా అదనపు రోజు అద్దె కట్టాలి. పెళ్ళి అలసట ఇంకా తీరని అమ్మాయిని సామాను పక్కన ఆరు గంటలు కూర్చోబెట్టవద్దు. మధ్యాహ్నానికి చేరే రైలు చూసుకుంటే సరిపోతుంది.

గుర్తింపు పత్రాలు ఇద్దరివీ ఉండాలి. అమ్మాయి ఆధార్‌లో ఇంకా తండ్రి పేరూ పుట్టింటి చిరునామాయే ఉంటాయి గనుక నికాహ్‌నామా నకలు ఒకటి వెంట ఉంచుకుంటే కౌంటరు దగ్గర సంజాయిషీ చెప్పుకునే అవస్థ తప్పుతుంది. అంకెలు కప్పివేసిన ఆధార్‌ను అధికారిక వెబ్‌సైటు నుండి దించుకోవచ్చు, అది ఇస్తే చాలు. ముఖం చూడవలసి వస్తే మహిళా ఉద్యోగి ఉన్నారా అని మర్యాదగా అడగండి; చాలాచోట్ల కాదనరు. గదిలోకి వెళ్ళగానే తలుపు లోపలి గడియ, పక్క గదిలోకి తెరుచుకునే తలుపు ఏదైనా ఉంటే దాని తాళం, వరండా వైపు కిటికీ తెరలు పరీక్షించాలి. అద్దాలు, దీపాల వెనుక, పొగ పసిగట్టే పరికరం దగ్గర అనుమానాస్పదంగా ఏదైనా కనిపిస్తే మొహమాటపడక గది మార్చమని అడగాలి.

భోజనం విషయంలో సముద్రతీర నగరం మనకు ఎంతో వెసులుబాటు ఇస్తుంది. చేపకు జబహ్ అవసరం లేదు. హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుందని ఊరంతా వెతకనక్కరలేకుండా చేపల పులుసుతో రెండు పూటలు గడిచిపోతాయి. రొయ్యల గురించి హనఫీ ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కొత్త పెళ్ళికొడుకు ఆ చర్చను కంచం ముందు ఆరంభించకుండా ఉంటే మంచిది. అద్దెలో ఉదయం ఫలహారం కలిసి ఉన్నదా అనేది అడిగి తెలుసుకోండి. ఇద్దరికీ రోజుకు రెండు మూడు వందలు మిగిలే సంగతి అది.

నమాజు మాట కూడా చాలామంది అడుగుతారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం దాదాపు 78 కిలోమీటర్లకు మించిన దూరం వెళ్ళి, పదిహేను రోజులకన్నా తక్కువ ఉండదలచినవారు ప్రయాణీకులే. జుహర్, అసర్, ఇషాలలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండు అవుతుంది. ఫజ్ర్, మగ్రిబ్, విత్ర్‌లలో మార్పు లేదు. గదిలో దిక్కు తెలియక తికమకపడేవారికి ఒక సులువు: విశాఖ తీరంలో సముద్రానికి వీపు పెట్టి నిలబడితే దాదాపు ఖిబ్లా వైపే నిలబడినట్టు. కచ్చితమైన దిశకు ఫోన్‌లోని దిక్సూచి ఉన్నది.

నీటి దగ్గర జాగ్రత్త. రామకృష్ణా బీచ్‌లో అలల లాగుడు బలమైనది, ప్రాణాలు పోయిన సందర్భాలు అనేకం. తడిసిన బుర్ఖా బరువు, కాళ్ళకు చుట్టుకునే బట్ట మోకాలి లోతులోనే మనిషిని పడవేయగలవు. పాదాలు తడిస్తే చాలు, ఫోటో కోసం ఇంకొక అడుగు ముందుకు వేయమని భార్యను పురమాయించకండి.

ఏ వేళలో వెళ్ళాలి అన్నదానికి, పరీక్షల కాలమైన మార్చి, ఏప్రిల్ మొదటి సగం మనకు కలిసివచ్చినట్టే. బడులు మూతపడి కుటుంబాలన్నీ బయలుదేరేలోగా, అదీ సోమవారం నుండి గురువారం మధ్య అయితే, బేరానికి హోటలువారు దిగుతారు. డిసెంబరు, జనవరిలో అరకు చలికోసం వచ్చే జనంతో అద్దెలు పెరుగుతాయి. అక్టోబరులో తుఫానుల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ నగరాన్ని ఎంత అతలాకుతలం చేసిందో తెలిసినదే. అరకు చూడాలనుకుంటే కారు మాట్లాడుకోకుండా ఉదయం బయలుదేరే కిరండూల్ రైలు ఎక్కండి. సొరంగాలు దాటుకుంటూ కొండలెక్కే ఆ ప్రయాణమే సగం వినోదం. అయితే రెండు రాత్రుల బసలో దానికి చోటు లేదు.

అన్నట్టు, ఇదంతా నిర్ణయించే ముందు ఆ అమ్మాయిని అడిగారా? ఉత్తరంలో స్నేహితుల మాట ఉన్నది, మామగారి మాట ఉన్నది, ఆమె మాట లేదు. నికాహ్ తర్వాత అడగవలసిన మొదటి ప్రశ్నలలో ఇదొకటి. ఆమెకు సముద్రం అంటే భయం కావచ్చు. హైదరాబాదులోని ఖాలాను చూడాలని ఉండవచ్చు. లేదా ఆ పదిహేను వేలతో ఇంట్లో తమ గదికి ఒక తలుపు పెట్టించమని అడగవచ్చు. ఆమె ఏది చెప్పినా లెక్క మళ్ళీ వేసుకోండి.

ఉత్తరం చివర మరో సందేహం ఉన్నది: అమ్మీ ఒంటరిగా పంపడానికి జంకి తమ్ముడిని తోడు తీసుకువెళ్ళమంటున్నారట. అమ్మీకి రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తామని మాట ఇవ్వండి. చెల్లెలి చేత హోటలు పేరు, ఫోన్ నంబరు కాగితం మీద వ్రాయించి ఆమె దిండు కింద పెట్టించండి. తమ్ముడి అదనపు మంచానికి హోటలువారు వేరుగా తీసుకుంటారని కూడా చెప్పి చూడండి.