అరవయ్యా, తొంభయ్యా? అసలు అంకె 365

కొత్త నేర చట్టాలు 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన నాటి నుంచి పత్రికల్లో పేజీలకు పేజీలు ఒకే లెక్కకు ఖర్చయ్యాయి. పోలీసు కస్టడీ 15 రోజులూ మొదట్లోనే తీసుకోవాలా, 40 రోజుల్లోనో 60 రోజుల్లోనో విడతలుగా తీసుకోవచ్చా? చార్జిషీట్‌కు గడువు 60 రోజులా, 90 రోజులా? నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 187ను అటు తిప్పి ఇటు తిప్పి చూసిన న్యాయ కోవిదులు, టీవీ చర్చల్లో గొంతు చించుకున్న పార్టీల ప్రతినిధులు అందరూ కలిసి ఒక అంకెను మాత్రం వదిలేశారు. 365. తెలంగాణలో ఒక మనిషి మీద నేరం మోపకుండా, విచారణ జరపకుండా, వకీలు నోరు విప్పే అవకాశం లేని అడ్వైజరీ బోర్డు ముందు నిలబెట్టి జైల్లో ఉంచగలిగే రోజులు అవి. ముందస్తు నిర్బంధ చట్టం, అంటే పీడీ యాక్ట్, సెక్షన్ 13 ఇచ్చిన పన్నెండు నెలలు.

ఇబ్రహీంపట్నం నుంచి ఈ మాట అనడానికి కారణముంది. సాగర్ రోడ్డు పొడవునా వెంచర్లు, ఒకే సర్వే నంబరుకు నలుగురు హక్కుదారులు, ఒకే ప్లాటుకు రెండు రిజిస్ట్రేషన్లు. ఇక్కడ భూమి గొడవ లేని ఊరు ఏదో వెతుక్కోవాలి. పీడీ యాక్ట్‌లో భూకబ్జాదారు 1986 నుంచీ ఉన్నాడు. తరువాత నకిలీ పత్రాల నేరగాడూ చేరాడు. సివిల్ కోర్టులో తేలాల్సిన తగాదా ఠాణా మెట్లెక్కడం ఈ ప్రాంతంలో ఎంత తేలికో వేరే చెప్పాలా? ఠాణా నుంచి కమిషనర్ సంతకం దాకా దారి కూడా అంత పొడవైనదేం కాదు.

2022 ఏప్రిల్ 4న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును మనవాళ్లు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. అందులో కొట్టేసింది ఎక్కడి ఉత్తర్వునో కాదు, రాచకొండ పోలీస్ కమిషనర్ ఇచ్చినదాన్ని. అప్పటికి ఇబ్రహీంపట్నం రాచకొండ కిందే ఉంది. ఉద్యోగాలిప్పిస్తామని డబ్బు వసూలు చేశారన్న కేసు. 2020 అక్టోబర్‌లో ఎఫ్ఐఆర్, ఆ తరువాత అరెస్టు, బెయిలు. అంతా అయ్యాక, మొదటి ఎఫ్ఐఆర్‌కు దాదాపు ఏడు నెలల తరువాత, 2021 మే 19న పీడీ ఉత్తర్వు. రేపో మాపో సమాజంలో అలజడి రేగుతుందనే కదా ముందస్తు నిర్బంధం! ఏడు నెలలు రేగని అలజడి ఎనిమిదో నెలలో ఎలా రేగుతుంది? సుప్రీంకోర్టు అడిగిందీ ఇంచుమించు ఇదే. తెలంగాణ చట్టం కింద ఇచ్చిన కనీసం పది ఉత్తర్వులను రాష్ట్ర హైకోర్టు ఆ ముందు ఒక్క ఏడాదిలోనే కొట్టేసిందని, అసాధారణమైన అధికారాన్ని ఇంత నిర్లక్ష్యంగా వాడుతున్నారని ఆ తీర్పులోనే రాసింది. తేదీలు ఇంకోసారి చూడండి. ఉత్తర్వు 2021 మేలో, కొట్టివేత 2022 ఏప్రిల్‌లో. 365లో మిగిలిందెంత?

పీడీ యాక్ట్ మీద వినిపించే సమర్థనలన్నీ ఇక్కడే కూలిపోతాయి. 'తప్పుడు ఉత్తర్వయితే కోర్టులున్నాయి కదా' అంటారు. ఉన్నాయి. హెబియస్ కార్పస్ వేయాలి, ప్రభుత్వం కౌంటర్ వేయాలి, వాయిదాలు పడాలి, హైకోర్టు కాదంటే ఢిల్లీ వెళ్లాలి. ఢిల్లీ వకీలు ఫీజు ప్లాటు అమ్ముకున్నవాడికి అందుతుందేమో, కౌలు రైతు కొడుక్కి అందదు. గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్‌ను 2022 ఆగస్టు 25న నిర్బంధిస్తే నవంబర్ 9న హైకోర్టు ఉత్తర్వును రద్దు చేసింది. ఒక శాసనసభ్యుడికి, పేరున్న వకీళ్లు ఉన్నవాడికి బయటపడటానికి రెండున్నర నెలలు పట్టింది. (ఆయన మాటలతో నాకు ఏకీభావం లేదు. చట్టం మనకు నచ్చినవాళ్లకే వర్తించాలనుకుంటే ఈ వ్యాసమే అక్కర్లేదు.) ఎవరి అండా లేనివాడికి 365 పూర్తిగా పడుతుంది.

పీడీ ఉత్తర్వు ఎప్పుడు చేతికొస్తుందో చూడండి. మెజిస్ట్రేట్ బెయిలిచ్చాడు. ఇంట్లోవాళ్లు ఇద్దరు జామీనుదారులను బతిమాలి తెచ్చారు. ఇంటిపన్ను రసీదు, పట్టాదారు పాస్‌బుక్, ఆధార్ జిరాక్సులు కోర్టులో పెట్టారు. రిలీజ్ ఆర్డర్ జైలుకు చేరింది. బయట చెట్టు కింద బట్టల సంచితో తల్లి. లోపల అదే సమయానికి ఒక కాగితాల కట్ట: నిర్బంధ ఉత్తర్వు, కారణాల పత్రం, వాటి వెనుక పాత ఎఫ్ఐఆర్‌ల నకళ్లు. ఏ కేసుల్లో బెయిలు వచ్చిందో కారణాలుగా చూపించిందీ సాధారణంగా ఆ కేసులనే. సంతకం పెట్టించుకుని మళ్లీ బ్యారక్‌కు పంపుతారు. తల్లి మళ్లీ ములాఖత్‌కు పేరు రాయించుకోవాలి. ఆ మధ్యాహ్నం ఓడిపోయింది ఆ తల్లీకొడుకులు మాత్రమే కాదు. బెయిలిచ్చిన కోర్టు కూడా ఓడిపోయింది.

ఇప్పుడు 60, 90 సంగతి. వలస పాలన నాటి నేర విచారణ స్మృతిలో రిమాండ్‌కు 15 రోజులే పరిమితి. పోలీసులు ఇంకో సెక్షన్ అడ్డుపెట్టుకుని నెలలు లాగేవారు. ఆ ఆట కట్టించడానికే 1973 స్మృతిలో 60 రోజుల గడువు వచ్చింది, 1978 సవరణతో పెద్ద నేరాలకు 90 అయింది. ఆ రోజుకి చార్జిషీట్ పడకపోతే, అడిగినవాడికి బెయిలివ్వడం తప్ప కోర్టుకు దారిలేదు. కరోనా కాలంలో దేశంలోని పిటిషన్లు, అప్పీళ్ల గడువులన్నీ పొడిగించిన సుప్రీంకోర్టు, పోలీసులకు ఈ ఒక్క గడువు పొడిగించడానికి 2020 జూన్‌లో ఒప్పుకోలేదు. ఇది సాంకేతిక సౌకర్యం కాదు, జీవించే హక్కులో భాగమని ఆ ఏడాదే తేల్చింది. ఇంత గట్టిగా కట్టిన గడువు పక్కనే ఒక దొడ్డిదారి తీసి, దాని మీద 365 అని రాసి పెట్టాం. దర్యాప్తు అధికారి 90వ రోజుకు చార్జిషీట్ వేయలేకపోయినా ఫర్వాలేదు. సాక్ష్యం దొరక్కపోయినా ఫర్వాలేదు. ముందు దారి నుంచి బయటికొచ్చినవాడు దొడ్డిదారిన మళ్లీ లోపలికే.

ఈ 365 ఈమధ్య మరింత బిగిసింది కూడా. ఇదే చట్టం కింద మొదట మూడు నెలలకు మించి ఉత్తర్వు ఇవ్వరాదని, అవసరమైతే మూడేసి నెలలు పొడిగించుకోవాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక నాటుసారా కేసులో 2023 ఆగస్టులో ఆ మాట చెల్లదంది. పన్నెండు నెలలూ ఒకేసారి రాసేయవచ్చట. విడత విడతకూ ఫైలు తిరగేయాల్సిన ఇబ్బంది సర్కారుకు తప్పింది. సెక్షన్ 187 మీద వందల వ్యాసాలు రాసినవాళ్లు ఈ తీర్పు మీద ఎన్ని రాశారు?

మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయిన దొంగ బెయిలు మీద వచ్చి మళ్లీ తెంపితే ఆ ఆడబిడ్డ గోడు ఎవరు వింటారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు చట్టంలోనే ఉంది. షరతు మీరితే, మళ్లీ నేరం చేస్తే బెయిలు రద్దు చేయమని కోర్టును అడగండి. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 483 ఉన్నది అందుకే. అక్కడ జడ్జి ఉంటాడు, అవతలి వకీలు ఉంటాడు, పోలీసులు ఆధారం చూపాలి. అసలు ఇబ్బంది ఆధారం చూపడమే. గొలుసు దొంగతనాల కేసులోనే, రాచకొండ కమిషనర్ 2023 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఇంకో ఉత్తర్వును 2024 మార్చి 21న సుప్రీంకోర్టు కొట్టేసింది. దొంగతనం శాంతిభద్రతల సమస్య, సమాజ జీవనమే స్తంభించే పబ్లిక్ ఆర్డర్ సమస్య కాదని చెప్పింది. ఈ తేడా 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులోనే తేలిపోయింది. ఆరు దశాబ్దాలుగా కమిషనర్లకు తలకెక్కలేదు. అడ్వైజరీ బోర్డులు రబ్బరు స్టాంపులుగా మిగలకూడదని కూడా 2024 తీర్పు హెచ్చరించింది. 2025 జూన్‌లో ఒక కేరళ కేసులోనూ అదే మాట: బెయిలు నచ్చకపోతే రద్దు కోరండి, ముందస్తు నిర్బంధాన్ని దానికి బదులుగా వాడకండి.

పార్టీల సంగతి చెప్పుకుంటే నవ్వొస్తుంది. ఎన్టీఆర్ ప్రభుత్వ హయాంలో సారా వ్యాపారులు, దోపిడీదారులు, మత్తుమందుల నేరగాళ్లు, గూండాలు, వ్యభిచార వ్యాపారులు, భూకబ్జాదారులు అంటూ ఆరు రకాలతో పుట్టింది ఈ చట్టం. కేసీఆర్ ప్రభుత్వం నకిలీ విత్తనాల నుంచి సైబర్ నేరాలు, ఆర్థిక నేరాల దాకా పదికి పైగా రకాలు చేర్చి దాన్ని పెంచి పోషించింది. బీజేపీకి రాజాసింగ్ మీద ప్రయోగించినప్పుడే రాజ్యాంగం గుర్తొచ్చింది. కాంగ్రెస్ ఆరు గ్యారంటీలతో పాటు ప్రజాస్వామ్యం ఏడో గ్యారంటీ అంటూ 2023 డిసెంబర్‌లో గద్దెనెక్కింది. ఆ ఏడో గ్యారంటీ సెక్షన్ 13 దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. తెలంగాణలో ఇదొక విషపు ధోరణిగా మారిందన్న అర్థంలో 2023 సెప్టెంబర్ 4న సుప్రీంకోర్టు మందలించింది కేసీఆర్ పోలీసులనే. చట్టం మాత్రం రేవంత్ రెడ్డి చేతిలోనూ అక్షరం మారకుండా ఉంది.

ఢిల్లీ పెద్దలూ తక్కువ తినలేదు. ఎమర్జెన్సీ చేదు మింగిన పార్లమెంటు 44వ రాజ్యాంగ సవరణ చేసి, బోర్డు అభిప్రాయం లేకుండా నిర్బంధించగలిగే మూడు నెలలను రెండుకు తగ్గించింది. బోర్డును హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సుతోనే వేయాలంది. 1979 ఏప్రిల్ 30న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆ ఒక్క సెక్షన్‌ను అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం ఇప్పటికీ రాలేదు. ఎమర్జెన్సీలో మీసా నిర్బంధ చట్టం కింద జైళ్లకెళ్లామని చెప్పుకునేవారు ఎన్నిసార్లు అధికారంలోకి వచ్చారో లెక్కపెట్టుకోండి.

కాబట్టి 60, 90ల పంచాయితీ కాసేపు పక్కనపెట్టి ఒక్క లెక్క అడుగుదాం. నిర్బంధ ఉత్తర్వుల మీద పెండింగ్‌లో ఉన్న సవాళ్లన్నీ సమీక్షించి, అవి న్యాయంగా ఉన్నాయో లేదో తేల్చుకోమని 2022 ఏప్రిల్ 4నే సుప్రీంకోర్టు ఈ రాష్ట్రాన్ని ఆదేశించింది. ఆ సమీక్షలో ఏం తేలిందో శాసనసభ ముందు పెట్టాలి. ఏ కమిషనర్ ఎన్ని ఉత్తర్వులిచ్చాడు, బోర్డు ఎన్ని ఆమోదించింది, కోర్టులు ఎన్ని కొట్టేశాయి, కొట్టేసేలోపు ఒక్కొక్కరు ఎన్ని రోజులు జైల్లో ఉన్నారు? అధికార పక్షంలో ఉన్నా సరే, ఇబ్రహీంపట్నం ఎమ్మెల్యే సభలో లేచి అడగాల్సిన ప్రశ్న ఇది. ఆ లెక్క వచ్చేదాకా ఈ రాష్ట్రంలో ఏ కమిషనరూ కొత్త పీడీ ఉత్తర్వు మీద సంతకం పెట్టకూడదు.