భుజాన తుపాకి, జేబులో లైసెన్సు

తుపాకి అనగానే మన కళ్ళ ముందుకు ఎవరొస్తారు? గడీలో దొర, లేదంటే రోడ్డు మీద ఖాకీ. మన వాడల్లో కూడా తుపాకి ఉన్నవాళ్ళున్నారంటే చాలామంది నమ్మరు. మా గాంధీనగర్ చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. చిక్కడపల్లిలో, నారాయణగూడలో, అశోక్‌నగర్‌లో బ్యాంకు గుమ్మం ముందు, బంగారం దుకాణం ముందు స్టూలేసుకొని కూర్చున్న గన్‌మాన్ ఎవరు? మిలిటరీలో పదిహేనేళ్ళు అరిగి వచ్చినవాడు, ఊళ్ళో గుంట భూమి లేనివాడు. ఆ పన్నెండు బోరు తుపాకి ఆయనకు హోదా కాదు, పనిముట్టు. మన తాతలకు ఆరె, రంపె ఎట్లనో ఆయనకు అది అట్ల. తుపాకి ఉంటే గన్‌మాన్ జీతం, లేకుంటే వాచ్‌మన్ జీతం.

పోయిన వానాకాలం మా గల్లీలోని అట్లాంటి ఒక పెద్దాయన రాత్రి డ్యూటీ దిగి స్కూటర్ మీద వస్తున్నాడు. తుపాకి గలేబులో ఉంది, తూటాలు వేరే సంచిలో ఉన్నాయి. తనిఖీ దగ్గర ఆపారు. "ఏందిరా అది?" అన్నాడు మనవడి వయసు పిల్లగాడు. లైసెన్సు చూపిద్దామని పెద్దాయన గబుక్కున చొక్కా లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. అంతే, ముగ్గురు మీద పడ్డారు.

ఆయన భార్య మా తలుపు కొట్టింది. "సారూ, మా ఆయన్ని పట్టుకపోయిన్రు" అంది. మేము పోయేసరికి లైసెన్సు బల్ల మీదే ఉంది, ఎవరూ తెరవలేదు. "నీకు తుపాకి ఎవడిచ్చిండు?" అని అడుగుతున్నారు. తర్వాత ఊరు అడిగారు, ఇంటిపేరు అడిగారు, ఆ తర్వాత అడగాల్సింది అడిగారు. తెల్లారి మనిషిని వదిలారు. తుపాకి పదకొండు రోజులకు ఇచ్చారు. పదకొండు రోజుల జీతం పాయె. తుపాకి తీసుకున్నట్టు రసీదు అడగడం మాకూ తోచలేదు. మా వంశంలో మొదటి డిగ్రీ మాదే, పిల్లలకు పౌరశాస్త్రం చెప్తాం. ఆ బల్ల ముందు నిలబడితే చదివిందంతా గాలికి పోయింది. అందుకే ఇది రాస్తున్నాం.

1959 ఆయుధాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం తుపాకి మోస్తున్న ఎవరినైనా లైసెన్సు చూపమనే అధికారం పోలీసుకు ఉంది. అది కాదనలేం. చూపకపోతే పేరు, చిరునామా అడగొచ్చు, అవసరమనుకుంటే తుపాకి స్వాధీనం చేసుకోవచ్చు. సరైన లైసెన్సు చూపించిన తర్వాత ఆ సెక్షన్ కింద గుంజుకునే అధికారం లేదు.

కానీ సెక్షన్ కంటే ముందు చెయ్యి ఉంది. ఆపగానే బండి ఇంజను ఆపాలి. రెండు చేతులూ హ్యాండిలు మీద కనపడాలి. జేబు ముట్టకముందే నోరు విప్పాలి. "సార్, నా దగ్గర తుపాకి ఉంది, లైసెన్సు ఉంది, లోపలి జేబులో ఉంది, తీయమంటారా?" అని అడిగి, తీయమన్నాక మెల్లగా తీయాలి. తుపాకిని మన చేత్తో గలేబు నుంచి బయటికి తీయొద్దు, వాళ్ళనే తీసుకోనివ్వాలి. తిట్టినా అక్కడ వాదన వద్దు, ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం. పరుగు మాత్రం వద్దు. 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులే పారిపొమ్మన్నారని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. పరుగెత్తినవాళ్ళను పొలాల్లో కాపు కాసి నరికారు. ఆ రోజు చనిపోయింది ఎనిమిది మంది.

స్టేషన్‌కు తీసుకుపోతే చొక్కా మీద పేరు చదివి గుర్తుపెట్టుకోవాలి. పేరు స్పష్టంగా కనపడాలని 1996 డి.కె. బసు తీర్పు చెప్పింది, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్ కూడా అదే చెప్తుంది. అరెస్టు అంటే సాక్షి సంతకంతో కాగితం ఉండాలి. ఇంటివాళ్ళకు కబురు చేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. తుపాకి ఉంచుకుంటే దాని నెంబరుతో సహా రాసివ్వమని అడగాలి. వకీలుకు డబ్బుల్లేకపోతే న్యాయసేవల నెంబరు 15100.

కాగితం అసలుదేనా అన్నది ఇంకో సంగతి. 2022లో నకిలీ లైసెన్సులతో గార్డు పని చేస్తున్నవాళ్ళను హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. దళారి చేతిలో డబ్బు పెట్టి లైసెన్సు తెచ్చుకుంటే రేపు జైలుకు పోయేది మనమే. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకికి శిక్ష కనీసం రెండేళ్ళు. ఎన్నికల కోడ్ వస్తే తుపాకి స్టేషన్లో అప్పజెప్పాలి, బ్యాంకు కాపలాకని మినహాయింపు ఉంటే ఆ కాగితం కూడా వెంట ఉండాలి.

ఇదంతా చేస్తే క్షేమమేనా? అబద్ధం చెప్పం. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి యువకుడు ఉండేవాడు. మాలాగే బడి మనిషి, పిల్లల భోజనశాలలో పనిచేసేవాడు. 2016 జూలై 6న పోలీసు కారు ఆపితే, తన దగ్గర తుపాకి ఉందని మర్యాదగా ముందే చెప్పాడు. లైసెన్సు కూడా ఉంది. పోలీసు ఏడుసార్లు కాల్చాడు. 2017లో ఆ పోలీసును జ్యూరీ నిర్దోషి అంది. కాబట్టి మర్యాద నేర్వాల్సింది మనమే అని ఎవరన్నా అంటే ఒప్పుకోం. ప్రాణం దక్కించుకోవడానికి మనం నేర్చుకుంటాం. అడిగే పద్ధతి వాళ్ళు నేర్చుకోవాలి. అశోక్‌నగర్ రీడింగ్ హాళ్ళలో ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుతున్న మన పిల్లలు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి. రేపు తనిఖీ దగ్గర నిలబడేది మీరే.

"నీకు తుపాకి ఎవడిచ్చిండు" అన్నదానికి జవాబు చట్టంలోనే ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనల్లో మూడోది తీసి చదవండి. దాడులు జరిగే ప్రాంతాల్లో ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ లైసెన్సులు రద్దుచేసి తుపాకులు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకే లైసెన్సులు ఇవ్వాలి. మన ఊళ్ళలో ఏ దొర తుపాకి అట్లా పోయింది? ఏ వాడకు లైసెన్సు వచ్చింది? కలెక్టరు దగ్గర ఈ ప్రశ్న ప్రతి జిల్లాలో అడగాల్సిందే.

పెద్దాయన మళ్ళీ డ్యూటీకి పోతున్నాడు. లైసెన్సు జిరాక్సుకు ప్లాస్టిక్ తొడిగించి, గలేబు పైన బయటికి కనపడేటట్టు కుట్టించుకున్నాడు. ఇంక జేబులోకి చెయ్యి పోయే పని లేదంటున్నాడు.