విందుకు పిలిచే ముందు

వ్యాపార విందుకు ఖరీదైన భోజనశాలను ఎంచుకోవడం గురించి ఒక తెలుగు పంతులు వ్రాయడమేమిటని బ్లాగ్మిత్రులు నవ్వుకోవచ్చు. బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి వ్యాపారంతో పనిలేదు, నిజమే. కాని ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. ముందు ఆ తప్పు చెప్పుకొని, తరువాత నా అభిప్రాయం మనవి చేస్తాను.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి జీడిమెట్లలో చిన్న కర్మాగారం నడుపుతున్నాడు. మందుల కంపెనీల యంత్రాలకు కావలసిన విడిభాగాలు తయారు చేస్తాడు. తండ్రి లేడు. ఏదైనా పెద్ద పని తలపెడితే "మాస్టారూ, ఒక్కమాట" అంటూ ఫోను చేస్తాడు. కొన్నాళ్ళ క్రితం అహమ్మదాబాదు నుంచి ఒక పెద్ద వర్తకుడూ, ఆయన కుమారుడూ వస్తున్నారనీ, ఏడాదికి సరిపడా ఆర్డరు మాట్లాడుకోవలసి ఉన్నదనీ, రాత్రి విందుకు రెండు హోటళ్ళు అనుకుంటున్నాననీ చెప్పి, వాటిలో ఏది మంచిదని అడిగాడు. "ఏది పెద్దదైతే అదే, నాయనా! ఇటువంటి చోట చేయి వెనుకాడకూడదు" అన్నాను. పెద్దదిక్కుగా నన్నూ రమ్మన్నాడు. వెళ్ళాను.

రాత్రి ఎనిమిదిన్నరకు బల్ల సిద్ధం చేయించాడు. నక్షత్రాల హోటలు. నేలమీద అడుగు వేస్తే చప్పుడు కాదు. అతిథులు వచ్చి కూర్చున్నారు. పెద్దాయన జైనులు. అవి చాతుర్మాస్యపు రోజులు. సూర్యాస్తమయమైన తరువాత ఆయన మంచినీళ్ళైనా ముట్టరు. ఆ మాట అక్కడ కూర్చున్నాక గాని మాకు తెలియలేదు. ఆయన చేతులు జోడించి, "మీరు కానివ్వండి, నేను కూర్చుంటాను" అని హిందీలో అన్నారు. ముందుగా చెప్పి ఉంచిన పదార్థాలు ఒకటొకటిగా రాసాగాయి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప పడనిది వాటిలో ఒక్కటీ లేదు. కుమారుడు తండ్రి ఎదుట పండ్లరసం గ్లాసు పట్టుకొని కూర్చున్నాడు. మా అబ్బాయి ముద్ద మింగలేకపోయాడు. పెద్దాయన ముఖంలో కోపమన్నది లేదు. ఆయన ఎంత మర్యాదగా ఉంటే మాకు అంత సిగ్గనిపించింది.

ఆ రాత్రి ఆర్డరు కుదరలేదు. విందే కారణమని చెప్పలేను. ధర దగ్గర తేడా ఉండవచ్చు, మరేదైనా ఉండవచ్చు. కాని అసలు మాటే మొదలు కాలేదన్నది మాత్రం నిజం.

ఇంటికి వచ్చాక నన్ను నేనే నిందించుకున్నాను. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనం గురించిన పద్యాలను ఎన్నో ఏళ్ళు తరగతిలో పారవశ్యంతో చెప్పినవాణ్ణి. రాయలవారు ఎంత వివరంగా వ్రాశారు! వానకాలానికి పప్పు, కూరలు, వరుగులు. చలికాలానికి మిరియపుపొడి తగిలిన కూరలు, ఆవపెట్టిన పచ్చళ్ళు. వేసవికి చారు, మజ్జిగ. జడివానలో కట్టెలు తడిసిపోతాయని పొయ్యిలోకి ఏమి వాడాలో కూడా ఆలోచించిన ఇల్లు అది. తనకు ఏది గొప్ప అని విష్ణుచిత్తుడు చూసుకోలేదు, వచ్చినవాడికి ఈ రోజు ఏది హితవు అని చూశాడు. ఈ సంగతి పిల్లలకు చెప్పి మార్కులు వేసిన నేను, అడిగిన శిష్యుడికి మాత్రం "ఏది పెద్దదైతే అదే" అన్నాను.

అందుచేత నా అభిప్రాయం ఇది: హోటలును ఎంచుకోవడానికి ముందు అతిథిని అడగాలి. ఏమి తింటారు, ఏ వేళకు తింటారు, ఎక్కడ బస చేశారు, ఈ మూడు చాలు. అడగడం నామోషీ అనుకుంటాం. "అన్నీ దొరికే చోటికే తీసుకువెళుతున్నాం కదా" అనుకుంటాం. అన్నీ దొరికే చోట కూడా ఆయనకు కావలసిన వేళ దొరకదు. ఆ పెద్దాయనను సాయంత్రం ఐదింటికి పిలిచి, ఉల్లి, దుంపలు లేని నాలుగు వంటకాలు చేయించి ఉంటే, మామూలు శాకాహార హోటలైనా సరిపోయేది. రంజాను మాసంలో ముస్లిం మిత్రుణ్ణి పిలిచేటప్పుడూ ఇంతే, ఇఫ్తారు వేళ చూసుకోవాలి. తిరుపతికి అంత దూరంలో లేని శ్రీసిటీలో ఎన్నో జపాను సంస్థలున్నాయి. అక్కడినుంచి వచ్చినవారికి మన గోంగూర, ఆవకాయ మహిమ చూపించాలన్న ఉబలాటం మనకుంటుంది. ఆ ముచ్చట రెండో విందులో తీర్చుకోవచ్చు. మొదటి విందులో అతిథి కళ్ళవెంట నీళ్ళు పెట్టించడం మర్యాద కాదు.

అలాగని ఖరీదైన చోటు వృథా అనేవారితో కూడా నేను ఏకీభవించను. హైదరాబాదులో పేరుపడ్డ భోజన హోటలుకు మధ్యాహ్నం వెళ్ళి చూడండి. మీరు పెరుగన్నం కలుపుకుంటూ ఉండగానే మీ కుర్చీ వెనుక తరువాతి కుటుంబం నిలబడి ఉంటుంది. అక్కడ కడుపు నిండుతుంది గాని లక్షల రూపాయల లెక్క మాట్లాడలేం. పెద్ద హోటలులో మనం డబ్బిచ్చి కొనేది ముఖ్యంగా నిశ్శబ్దం. బల్లకూ బల్లకూ నడుమ ఎడం, తొందరపెట్టని వడ్డన, ఎదుటివాడి మాట చెవిన పడే వాతావరణం, వీటికి ధర పెట్టవచ్చు. ఇవి లేని చోట దీపాలు ఎంత వెలిగినా ప్రయోజనం లేదు. కాబట్టి ముందురోజు ఆ వేళకే ఒకసారి వెళ్ళి కూర్చొని చూడాలి. పాటల హోరు ఉంటే లేచి రావాలి. బఫే కూడా ఇటువంటి విందుకు తగదు. ఒకరు కూర్చుంటే ఒకరు లేస్తారు, మాట తెగిపోతూ ఉంటుంది.

ఫలక్‌నుమా సంగతీ చెప్పాలి. పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా కట్టించిన ఆ ప్యాలెస్ 2010లో హోటలుగా తెరుచుకున్నది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనపు బల్ల అక్కడ ఉన్నది. చూసి తీరవలసిన చోటే. కాని పడమటి కొసన మాదాపూరులో దిగిన అతిథిని సాయంత్రపు రద్దీలో ఊరంతా దాటించి అక్కడికి తీసుకువెళితే, ఆయన సగం అలసిపోతాడు, మిగతా సగం గోడలూ దీపాలూ చూస్తాడు. అటువంటి చోటు ఒప్పందం కుదిరాక పండుగ చేసుకోవడానికి బాగుంటుంది, కుదుర్చుకోవడానికి కాదు.

ఇక బిల్లు. గది అద్దె రోజుకు 7500 రూపాయలు దాటే హోటళ్ళలోని భోజనశాలల్లో జీఎస్టీ సాధారణంగా 18 శాతం, బయటి భోజనశాలల్లో 5 శాతం. సర్వీసు చార్జిని తప్పనిసరిగా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇవన్నీ ముందే తెలుసుకొని ఉండాలి. అతిథి ఎదుట బిల్లు పట్టుకొని వాదులాడడం ఎంత అసహ్యమో, గుడ్లప్పగించి చూడడం అంత అసహ్యం. లేచి వెళ్ళి చెల్లించి వస్తే సరిపోతుంది. మరొక చిన్న మాట. పదార్థాల పట్టిక అతిథి చేతికిచ్చి ఊరుకుంటే, మొహమాటస్థుడు ధరలు చూసి అన్నిటికన్నా చవకైనది చెబుతాడు. "ఇక్కడ ఇది బాగుంటుంది, తెప్పించనా?" అని ముందు మనమే అనాలి.

"ఖర్చు చూసే కదా మాస్టారూ, అవతలివాడు మన స్థాయి కట్టేది" అని మా అబ్బాయి ఇప్పటికీ అంటాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ రాత్రి మేము ఖర్చులో లోటు చేయలేదు. అయినా పిలిచిన పెద్దమనిషి ఆకలితో లేచి వెళ్ళాడు. అంతకన్నా స్థాయి తగ్గడం వేరే ఉన్నదా?

పోయిన నెల అతడు మళ్ళీ ఫోను చేశాడు. కోయంబత్తూరు నుంచి ఎవరో వస్తున్నారట. "ఏ హోటలు మాస్టారూ?" అన్నాడు.

"ముందు వారిని అడిగావా, నాయనా?" అన్నాను.

ఇటువంటి విందులు చేసిన, తిన్న అనుభవం నాకన్నా మీలో చాలామందికి ఎక్కువ. నా మాటలో పొరపాటు ఉంటే నిస్సంకోచంగా దిద్దగలరు.