చీర కట్టిన మగవాడు

హోళీ నాడు ఆదోని దగ్గరి సంతెకుడ్లూరులో మగవాళ్ళు చీర కడతారు. కాలేజీ కుర్రాడు మొదలు మనవళ్ళున్న పెద్దాయన దాకా, మొక్కుకున్నవాళ్ళు ఆ రోజు చీర కట్టి, పూలు తురుముకుని, నగలు పెట్టుకుని రతీమన్మథుల పూజకు బయల్దేరతారు. పెళ్ళి కుదరాలని, ఉద్యోగం రావాలని, పంట చేతికందాలని మొక్కులు. కుచ్చిళ్ళు పోసేది, పైట సర్దేది ఇంట్లోవాళ్ళే. అలవాటైన బార అడుగు వేయబోతే చీర కాళ్ళకు అడ్డం తగులుతుంది. చేతుల్లో నైవేద్యం ఉంటుంది కనక కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకోవడానికీ వీలుండదు. నాలుగడుగులు వేసేసరికి నడక దానంతటదే నెమ్మదిస్తుంది. తోటివాళ్ళు ఓ మాట అంటారు, ఫొటో తీసుకుంటారు, అతనూ నవ్వుతాడు. చీర కట్టాడని మాత్రం ఎవరూ అతన్ని తక్కువ చేసి చూడరు.

అసలు చీరను మగవాడికి పరాయి వస్తువనుకోవడం మా కోడుమూరులో కుదరదు. గుంటమగ్గంలో కాళ్ళు దించుకుని కూచుని గద్వాల చీర నేసే చేతులు ఎక్కువగా మగవాళ్ళవే. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసేచోట పోగు తెగకుండా చూసుకోవడంలోనే చూపంతా పోతుంది. ఆ చీరతోనే వాళ్ళింట్లో పొయ్యి వెలుగుతుంది.

ఇలాంటి ఊళ్ళలో కూడా సాయంత్రం టీవీ పెట్టామంటే చీర కట్టిన మగవాడే పెద్ద నవ్వులాట. 2013లో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైన దగ్గర్నుంచి ‘లేడీ గెటప్’ అనేది ఒక విడి వృత్తి అయిపోయింది. ఆ కార్యక్రమం వల్ల జరిగిన మేలు చిన్నదేమీ కాదు. పల్లెల్లో మిమిక్రీ చేసుకుంటూ, అవకాశాల కోసం హైదరాబాదులో అద్దె గదుల్లో పస్తులున్న కుర్రాళ్ళకు అన్నం పెట్టింది, పేరిచ్చింది. ఆడవేషం కట్టినవాళ్ళలో నిజంగా ప్రతిభ ఉన్నవాళ్ళున్నారు. నా బాధ వాళ్ళ మీద కాదు, వాళ్ళ చేతికిచ్చే మాటల మీద. వేషం రాగానే ఎదుటివాడు ఆ ముఖాన్ని వెక్కిరిస్తాడు, ఒంటిని వెక్కిరిస్తాడు, పెళ్ళాం అంటేనే పీడ అంటాడు. తెర మీద నిజమైన ఆడమనిషి ఉంటే ఆ మాట అనడానికి జంకేవాళ్ళు, లోపల ఉన్నది మగవాడే కదా అని ధైర్యంగా అనేస్తారు. తగిలేది మాత్రం ఇంట్లో కూచుని చూస్తున్న ఆడవాళ్ళకే.

ఆడవేషంతో హాస్యం పుట్టించడం తెలుగువాడికి కొత్త కాదు. 1892లో తొలిసారి ప్రదర్శించిన గురజాడ ‘కన్యాశుల్కం’ కథంతా ఒక ఆడవేషం చుట్టూనే తిరుగుతుంది. డబ్బాశతో అగ్నిహోత్రావధాన్లు పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టబోతాడు. తల్లి వెంకమ్మ గుండె పగులుతుంది. అప్పుడు మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి తీసుకెళ్ళి, డబ్బు పుచ్చుకుని ఆ ముసలాయనకే పెళ్ళి చేస్తాడు. పెళ్ళికూతురు వేషం విప్పేసి మాయమవుతుంది. ఆఖరుకు, అసలు పుట్టని పిల్లను చంపాడన్న నింద లుబ్ధావధాన్ల నెత్తిన పడుతుంది.

నాటకం చూస్తూ మనం పగలబడి నవ్వుతాం. చీర కట్టిన పిల్లవాడి మీద ఆ నవ్వు ఒక్క చినుకైనా పడదు. వాడి కంగారు చూసి ముచ్చటపడతాం, దొరికిపోతాడేమోనని భయపడతాం. నవ్వు వెళ్ళి పడేది పిల్లను కొనబోయిన ముసలితనం మీద, అమ్మబోయిన తండ్రి మీద, అది శాస్త్రమేనని తలాడించిన పెద్దరికం మీద. సుబ్బిని కాపాడటానికే ఆ కుర్రాడు చీర కట్టాడు. ఆడవేషం ఆడపిల్ల పక్షాన నిలబడటమంటే అదీ. నూరేళ్ళు దాటినా ఆ నాటకం వాడకపోవడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం.

రంగస్థలం మీద ఆడవేషంలో స్థానం నరసింహారావు గారి సత్యభామనూ రోషనారనూ చూడటానికి జనం విరగబడేవాళ్ళు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ చీరలో హాస్యానికి చోటే లేదు. మగవాడు ఆడపాత్ర వేయడానికి ఎదురు వాదం మా పక్కనుంచే వచ్చింది. 1953 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ బళ్ళారిలో వకీలుగా పేరు తెచ్చుకున్న నటుడు రాఘవ గారు ఆడపాత్ర ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టారు. నాటకం ఆడే స్త్రీని లోకం చులకనగా చూసే రోజుల్లో, చదువుకున్న కుటుంబాల స్త్రీలను తన పక్కన వేదిక ఎక్కించారు. ఆ ఇద్దరి దారులూ వేరు. ఆడపాత్రను చులకన చేయడానికి మాత్రం ఇద్దరూ ఒప్పుకోలేదు.

జానపదుల హాస్యమంతా సుద్దముక్కలా తెల్లగా ఉండేదని నేననను. తోలుబొమ్మలాటలో కేతిగాడూ జుట్టుపోలిగాడూ బంగారక్కా ఆడే మాటలు పిల్లల ముందు చెప్పుకునేవి కావు. అయినా అందులో బంగారక్క ఊరికే తిట్లు తిని కూచునే మనిషి కాదు. ఒకటంటే రెండంటుంది, కొడితే తిరగబడి కొడుతుంది. ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు జరిగే పిడకల సమరమూ ఇలాంటిదే. వీరభద్రుడి పక్షం, కాళికాదేవి పక్షం అని ఊరు రెండుగా చీలి పిడకలు విసురుకుంటుంది. దెబ్బ రెండు వైపులా పడుతుంది. తరవాత దేవుడికీ దేవికీ కల్యాణం చేస్తారు. పడేవాళ్ళు ఎప్పుడూ ఒకే వైపు ఉంటే ఆ ఆట ఏటేటా నిలిచేదేనా?

ఇప్పటి హాస్యంలో నాకు కనిపించే లోపం ఈ ఏకపక్షమే. నల్లగా ఉన్నవాళ్ళు, లావుగా ఉన్నవాళ్ళు, నత్తివాళ్ళు, ఇంట్లో భార్య, అందరికంటే ఎక్కువగా కాస్త సుకుమారంగా నడిచే మగపిల్లవాడు: దెబ్బ పడేది ఎప్పుడూ వీళ్ళ మీదే. అలాంటి పిల్లవాణ్ణి వెక్కిరిస్తూ తెర మీద వినిపించే ‘పాయింట్ ఫైవ్’ లాంటి మాటలు వారం తిరక్కుండా బడి ఆవరణలోకి వస్తాయి. గొంతు సన్నగా ఉన్న పిల్లవాడు తరగతిలో చెయ్యెత్తడం మానేస్తాడు. నీళ్ళ కుళాయి దగ్గరికి అందరూ వెళ్ళాక వెళ్తాడు. మన ఊళ్ళలో హిజ్రాలుగా బతుకుతున్నవాళ్ళలో బడి మానేసిన పిల్లలెందరున్నారో వాళ్ళతో కూచుని మాట్లాడితే తెలుస్తుంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వాళ్ళను మూడో జెండరుగా గుర్తించి, గౌరవంగా బతికే హక్కు వాళ్ళకూ ఉందని తీర్పిచ్చింది. 2019లో చట్టమూ వచ్చింది. హాస్యం రాసేవాళ్ళ బల్లల మీదికి ఆ తీర్పు ఇంకా చేరినట్టు లేదు.

హాస్యాన్ని హాస్యంగానే తీసుకోవాలి, లెక్కలు వేస్తే నవ్వు చచ్చిపోతుంది అంటారు కొందరు మిత్రులు. ప్రేక్షకుడు కోరేదే ఇస్తున్నాం అంటారు ఇంకొందరు. 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ చూసింది ఈ ప్రేక్షకులే. గంగమ్మ జాతర ఘట్టంలో కథానాయకుడు చీర కట్టుకుని వస్తే వెకిలి నవ్వు వినపడలేదు, హాళ్ళు ఈలలతో దద్దరిల్లాయి. చీర కట్టిన మగవాణ్ణి భక్తితోనూ అభిమానంతోనూ చూడటం జనానికి తెలుసు. వాళ్ళకు చులకన ఒక్కటే పనికొస్తుందని తీర్మానించుకున్నది రాసేవాళ్ళు.

మా పత్రిక రాబోయే ఉగాది సంచికలో సగం పేజీలు హాస్య నాటికలకు ఇస్తున్నాం. బడి వార్షికోత్సవంలో పిల్లలు, నేతన్నల వీధిలో పెద్దలు అరగంటలో ఆడుకోగలిగేవి కావాలి. కోడుమూరు సంత మాటల్లో, ఎమ్మిగనూరు మగ్గాల మాటల్లో, కన్నడం కలిసిన ఆదోని మాటల్లో రాయండి. ఆడవేషం ఉండొచ్చు, అల్లరి ఉండొచ్చు, తిట్లూ ఉండొచ్చు. వడ్డీ వ్యాపారి మీద రాయండి, విత్తనాల్లో మోసం మీద రాయండి, నీళ్ళు రాని కాలవకు ఎన్నికలకోసారి పూజ చేసే నాయకుడి మీద రాయండి. నాటికలో ఎవరిని చూసి నవ్విస్తున్నారో ఆ మనిషికి కూడా తిరిగి జవాబు చెప్పే మాట ఒకటి ఇవ్వండి. అచ్చు వేసేముందు మేం మొదట చూసేది దాన్నే.